ఒకే కొండ మీద మూడు ఊళ్లు: ధర్మశాల, మెక్లియోడ్‌గంజ్‌ల చిక్కుముడి

ధర్మశాల చూసి వచ్చిన ముగ్గురిని ఒకచోట కూర్చోబెట్టి అడిగితే, వాళ్లు మూడు వేర్వేరు ఊళ్ల గురించి చెబుతున్నారేమో అనిపిస్తుంది. ఒకరికి గుర్తుండేది క్రికెట్ స్టేడియం, దాని వెనక గోడ కట్టినట్టు నిలబడిన మంచుకొండ. రెండోవారు ముదురు ఎరుపు వస్త్రాల భిక్షువుల గురించి, మోమోల గురించి, వీధి మధ్యలో తిరిగే ప్రార్థనా చక్రాల గురించి చెబుతారు. మూడోవారి మనసు దేవదారు చెట్ల నీడలో ఉన్న ఒక పాత రాతి చర్చి దగ్గర ఆగిపోయి ఉంటుంది. ముగ్గురూ వెళ్లింది ఒకే కొండకు.

2025 జులైలో టిబెటన్ బౌద్ధుల మతగురువు దలైలామా తొంభయ్యో పుట్టినరోజు సందర్భంగా ఈ ఊరి పేరు మళ్లీ వార్తల్లో గట్టిగా వినిపించింది. ‘ప్రవాస ప్రభుత్వం’, ‘శరణార్థులు’, ‘వారసుడు’, టిబెట్ రాజధాని పేరు మీద ‘చిన్న లాసా’ వంటి మాటలు పదేపదే దొర్లాయి. వీటిలో దేనికి అర్థం ఏమిటో, ఏది ఎంతవరకు నిజమో తెలియకుండా ఆ ఊరికి వెళితే కళ్లకు కనిపించేది ఒకటి, అక్కడ జరుగుతున్నది మరొకటిగా ఉంటుంది.

పేరు దగ్గరే మొదలయ్యే గందరగోళం

ధర్మశాల అంటే మన భాషలో సత్రం. యాత్రికులు తలదాచుకునే చోటు పేరే ఊరి పేరయింది. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాకు ఇది ముఖ్య పట్టణం. కలెక్టరేటు, కోర్టులు, కోత్వాలీ బజారు, స్టేడియం, చుట్టుపక్కల పల్లెలకు బస్సులు, ఇవన్నీ ఉన్నది దిగువ ధర్మశాల. అక్కడి నుంచి వంపులు తిరిగే రోడ్డు మీద తొమ్మిది పది కిలోమీటర్లు పైకి ఎక్కితే వచ్చేది ఎగువ ధర్మశాల, అదే మెక్లియోడ్‌గంజ్. దలైలామా నివాసం ఉన్నది ఈ పై ఊళ్లోనే. రెంటికీ మధ్య, కొండ నడుమున, గాంగ్‌చెన్ కీషాంగ్ అనే చోట టిబెటన్ల పరిపాలనా కార్యాలయాలున్నాయి. పురపాలన లెక్కల్లో ఇదంతా ఒకే నగరం, ఒకే కార్పొరేషన్.

ఈ తేడా చిన్నదేమీ కాదు. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం దలైలామా ఆలయం పక్కనే ఉంటుందనుకుని ‘ధర్మశాల’ పేరు చూసి గది తీసుకుందనుకుందాం. వాళ్లు గగ్గల్ విమానాశ్రయంలో దిగి, పదిహేను కిలోమీటర్ల లోపే హోటలు చేరుకుంటారు. చుట్టూ చూస్తే ఏ జిల్లా కేంద్రంలోనైనా కనిపించే అంగళ్లు, ఆటోలు, కోచింగ్ సెంటర్ల బోర్డులే తప్ప ఒక్క లామా కూడా కనిపించడు. వాళ్లు అనుకున్న ఊరు తలెత్తి చూస్తే పైన చెట్ల మధ్య మిణుకుమంటూ ఉంటుంది. 2022 జనవరిలో ప్రారంభమైన రోప్‌వే ఈ రెండు ఊళ్లనూ గాలిలో సుమారు 1.8 కిలోమీటర్ల దూరానికి కుదించింది గానీ, వాటి స్వభావాల మధ్య దూరాన్ని తగ్గించలేదు.

దొరలు కట్టిన ఊరు, భూమి కూల్చిన ఊరు

మెక్లియోడ్‌గంజ్, దాని పక్కనే ఉన్న ఫోర్సిత్‌గంజ్ అన్న పేర్లు ఇక్కడికి ఎలా వచ్చాయన్నది తెలియాలంటే సిక్కు యుద్ధాల దాకా వెనక్కి వెళ్లాలి. మొదటి ఆంగ్ల-సిక్కు యుద్ధం తర్వాత, 1846లో, కాంగ్రా ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1849లో ఈ కొండ మీద సైనిక కంటోన్మెంటు వెలిసింది. 1855 నాటికి జిల్లా కేంద్రం కూడా కాంగ్రా పట్టణం నుంచి ఇక్కడికే మారింది. కొండ మీద ఏర్పడిన రెండు బజార్లకు ఇద్దరు అధికారుల పేర్లు పెట్టారు. ఒకరు 1865 నుంచి 1870 వరకు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరుగా పనిచేసిన డొనాల్డ్ మెక్లియోడ్, మరొకరు కమిషనరు డగ్లస్ ఫోర్సిత్. గంజ్ అంటే అంగడి వీధి అని హిందుస్తానీలో అర్థం కనుక, మెక్లియోడ్‌గంజ్‌ను మన ధోరణిలో మెక్లియోడ్‌పేట అనుకోవచ్చు.

రెండు గంజ్‌ల మధ్య 1852లో కట్టిన సెయింట్ జాన్ ఇన్ ది వైల్డర్‌నెస్ చర్చి ఉంది. దాని ఆవరణలో 1863 నవంబరులో ఇక్కడే మరణించిన వైస్రాయి లార్డ్ ఎల్గిన్ సమాధి కనిపిస్తుంది. బీజింగ్ శివార్లలో చైనా చక్రవర్తుల వేసవి ప్రాసాదాన్ని 1860లో తగలబెట్టించినది ఈయనే. అదే కొండ మీద ఇప్పుడు బీజింగ్‌కు కంటగింపుగా మారిన సన్యాసి కాపురముండటం చరిత్ర చేసిన ఎగతాళి అనిపిస్తుంది, అంతకుమించి ఆ రెంటికీ సంబంధం ఏమీ లేదు.

చర్చిలోకి వెళ్లేవారు తరచూ గమనించకుండా దాటిపోయే వస్తువు ఒకటుంది. అది గంట. చర్చి గంట గోపురంలో ఉండాలి. ఇక్కడ అది చర్చి పక్కన, నేల మీద, ఒక చిన్న కప్పు కింద వేలాడుతుంది. 1905 ఏప్రిల్ 4న తెల్లవారిన కాసేపటికి వచ్చిన కాంగ్రా భూకంపంలో గోపురం కూలిపోయింది. రాతి గోడలు మాత్రం నిలిచాయి. ఇంగ్లండులో పోతపోసిన కొత్త గంట 1915లో వచ్చేసరికి దాన్ని ఎక్కించడానికి గోపురమే లేదు.

ఆ భూకంపంలో కాంగ్రా లోయ అంతటా కలిపి ఇరవై వేల మంది వరకు చనిపోయారని లెక్కలు చెబుతున్నాయి. కాంగ్రా కోట, వజ్రేశ్వరీ దేవి ఆలయం శిథిలమయ్యాయి. ఆ తర్వాత ప్రభుత్వ కార్యాలయాలను కిందికి దించారు. వేసవి విడిది హోదా కోసం సిమ్లాతో పోటీపడగల కొండ అనుకున్నది కాస్తా పక్కకు పడిపోయింది. 1947లో మిగిలిన తెల్లవాళ్లు కూడా వెళ్లిపోయాక మెక్లియోడ్‌గంజ్‌లో పాత బంగళాలు, కొద్దిమంది స్థానికులు, 1860 నుంచీ నడుస్తున్న నౌరోజీ అనే పార్శీ కుటుంబపు దుకాణం మిగిలాయి. నా దృష్టిలో ఈ ఊరి కథకు తాళంచెవి ఆ ఖాళీతనమే. భూకంపం ఈ కొండను ఖాళీ చేయకపోయి ఉంటే, అరవై ఏళ్ల కిందట ఇది సిమ్లాలాగో ముస్సోరీలాగో కిక్కిరిసిన పట్టణంగా ఉండేది, వేలమంది శరణార్థులకు చోటు దొరికేది కాదు.

ఖాళీ బంగళాలు, కొత్త కాపురాలు

1959 మార్చిలో లాసాలో చైనా పాలన మీద తిరుగుబాటు చెలరేగినప్పుడు ఇప్పటి, అంటే పద్నాలుగో, దలైలామా మారువేషంలో బయటపడి, ఆ నెలాఖరుకు తవాంగ్ వైపు నుంచి భారత సరిహద్దు దాటారు. ఏప్రిల్‌లో ఆయనకు ముస్సోరీలో విడిది ఏర్పాటయింది. ఏడాది తర్వాత, 1960 ఏప్రిల్ 30న, ఆయన మెక్లియోడ్‌గంజ్ చేరుకున్నారు. మొదట ఉన్నది హైక్రాఫ్ట్ హౌస్ అనే పాత ఇంగ్లీషు బంగళాలో. దానికే స్వర్గాశ్రమం అని పేరు. ఇప్పుడున్న నివాసానికి మారింది 1968లో.

ఇదే చోటు ఎందుకన్న దానికి రెండు రకాల జవాబులున్నాయి. ఢిల్లీకి దూరంగా, విలేఖరులు, రాయబారులు సులువుగా చేరలేని మూల కావడం వల్ల నెహ్రూ ప్రభుత్వం దీన్ని ఎంచుకుందని ఒక వాదన. చైనాతో సంబంధాలు అప్పటికే బెడిసికొడుతున్న ఆ రోజుల్లో ఇందులో పస లేకపోలేదు. ఊరు పాడుబడుతుంటే చూడలేక నౌరోజీ కుటుంబంలోని దుకాణదారుడే ఖాళీ బంగళాల సంగతి ప్రభుత్వం చెవిన వేశాడన్నది రెండో కథనం. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు. ప్రభుత్వానికి ఒక మారుమూల కావలసి వచ్చింది, మారుమూలకు జనం కావలసి వచ్చారు.

టిబెటన్లంతా ఇక్కడే ఉన్నారనుకోవడం మాత్రం పొరపాటు. అతిపెద్ద స్థావరాలు కర్ణాటకలో ఉన్నాయి. అప్పటి మైసూరు రాష్ట్రం భూమి ఇవ్వడంతో బైలకుప్పె మొదలైంది. లాసా చుట్టుపక్కలి మూడు మహావిహారాలలో సెరా బైలకుప్పెలోనూ, డ్రెపుంగ్, గాందెన్ ముండ్‌గోడ్‌లోనూ తిరిగి వెలిశాయి. అంటే టిబెటన్ల పెద్ద చదువులు దక్షిణాదిలో సాగుతున్నాయి. మెక్లియోడ్‌గంజ్‌కు ఉన్నది దలైలామా సన్నిధి, దానితో వచ్చిన పేరు.

గుడి చుట్టూ తిరిగే దారి, ధాన్యకటకం దాకా

ఊళ్లోని ప్రధాన ఆలయం పేరు సుగ్లాగ్‌ఖాంగ్. లాసాలోని జోఖాంగ్ ఆలయానికి ఇది ప్రవాసంలో ప్రతిరూపం అనుకోవాలి. కట్టడం చూసి నిరాశపడేవారు చాలామంది. బంగారు శిఖరాలు, చెక్కిన స్తంభాలు ఊహించుకుని వెళ్లినవారికి సిమెంటు స్తంభాల సాదా మండపం ఎదురవుతుంది. అయితే లోపలి అవలోకితేశ్వరుడి (కరుణామూర్తి అయిన బోధిసత్త్వుడి) విగ్రహంలో, చైనా సాంస్కృతిక విప్లవ కాలంలో లాసాలో ధ్వంసమైన మూలవిగ్రహపు శకలాలను రహస్యంగా తెచ్చి చేర్చారన్న సంగతి తెలిస్తే, ఆ సాదాతనం వేరే రకంగా కనిపిస్తుంది. తాత్కాలికంగా కట్టుకున్న ఇంట్లో పూర్వీకుల పెట్టె దాచుకున్నట్టుంటుంది.

ఆలయాన్నీ, దలైలామా నివాసాన్నీ కలిపి చుట్టివచ్చే అడవి బాట ఉంది. దాన్ని లింగ్‌ఖోర్ అంటారు. చుట్టి రావడాన్ని కోరా అంటారు. మనం ప్రదక్షిణ అనేదే అది, కుడిచేతి వైపు దేవుణ్ణి ఉంచుకునే పద్ధతితో సహా. పొద్దున్నే వెళితే వయసు మళ్లిన ఆడవాళ్లు ఒక చేతిలో జపమాల, మరో చేతిలో చిన్న చక్రం తిప్పుతూ, మధ్యమధ్య ఆగి పొరుగువారితో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. దారి పొడవునా ‘ఓం మణి పద్మే హుం’ చెక్కిన రాళ్లు పేర్చి ఉంటాయి. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పతాకాలు ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేలలకు గుర్తులు. తోరణాల్లా కట్టినా అవి అలంకారానికి కాదు, వాటి మీద అచ్చువేసిన మంత్రాలను గాలి మోసుకుపోతుందన్న నమ్మకంతో కట్టినవి. వెలిసి చిరిగిపోవడం వాటికి లోపం కాదు.

తెలుగు యాత్రికులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసిన కారణం ఉంది. ప్రధాన ఆలయం పక్కనే కాలచక్ర ఆలయం కనిపిస్తుంది. తాంత్రిక బౌద్ధంలో ముఖ్యమైన కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటక స్తూపం దగ్గరేనని, అంటే మన అమరావతిలోనేనని, టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే. 1416లో లాసా దగ్గర స్థాపించిన డ్రెపుంగ్ విహారం పేరుకు ‘ధాన్యపు రాశి’ అని అర్థం, అది ధాన్యకటకం అన్న మాటకు టిబెటన్ అనువాదం. చరిత్రకారులు మాత్రం కాలచక్ర తంత్ర గ్రంథం బుద్ధుడి కాలానిది కాదని, క్రీస్తుశకం పదకొండో శతాబ్దం దరిదాపుల్లో రూపుదిద్దుకున్నదని అంటారు. నమ్మకం చెప్పే కాలం, గ్రంథం చెప్పే కాలం కలవకపోయినా, కృష్ణా తీరపు ఊరి పేరును ఆరువందల ఏళ్లుగా హిమాలయాల అవతల తలుచుకుంటున్నారన్న మాట నిజం.

‘ప్రవాస ప్రభుత్వం’ అనే మాటకు ఎంత బరువు?

గాంగ్‌చెన్ కీషాంగ్‌లో ఉన్న వ్యవస్థ అధికారిక నామం కేంద్ర టిబెటన్ పరిపాలన. దానికి మంత్రివర్గం ఉంది, దాన్ని కషాగ్ అంటారు. మంత్రివర్గ నాయకుణ్ణి సిక్యోంగ్ అంటారు. నలభై ఐదు మంది సభ్యుల పార్లమెంటు ఉంది. టిబెట్‌లోని మూడు సంప్రదాయ ప్రాంతాలకు పదేసి స్థానాలు, నాలుగు బౌద్ధ శాఖలకూ, టిబెట్ ప్రాచీన మతమైన బోన్‌కూ రెండేసి, మిగిలిన ఐదూ ఉత్తర అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా-ఆసియా ప్రాంతాల్లోని వారికి. వివిధ దేశాల్లో చెల్లాచెదురైన టిబెటన్లు ఓటు వేసి వీరిని ఎన్నుకుంటారు. 2011లో దలైలామా తన రాజకీయాధికారాన్ని పూర్తిగా వదులుకుని ఎన్నికైన నాయకత్వానికి అప్పగించారు.

ఇన్ని ఉన్నా ఏ దేశమూ దీన్ని ప్రభుత్వంగా గుర్తించలేదు. దీనికి పోలీసులు లేరు, చట్టబద్ధంగా పన్ను వేసే అధికారం లేదు. టిబెటన్లు ఏటా కట్టేది స్వచ్ఛంద చందా, దాని లెక్క ఉండేది ‘గ్రీన్ బుక్’ అనే చిన్న పుస్తకంలో. టిబెట్ స్వయంపాలిత ప్రాంతం చైనా భూభాగంలో భాగమని భారత ప్రభుత్వం 2003లో రాతపూర్వకంగా అంగీకరించింది. దలైలామాను గౌరవనీయ మతగురువుగా, అతిథిగా చూస్తామన్నది ఢిల్లీ మాట. కాబట్టి వార్తల్లో ‘ధర్మశాల ప్రభుత్వం’ అని చదివినప్పుడు, బడులు, ఆసుపత్రులు, స్థావరాలు, సాంస్కృతిక సంస్థలు నడిపే ఎన్నికైన సామాజిక వ్యవస్థ అని అర్థం చేసుకుంటే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. 2017లో హిమాచల్ ప్రభుత్వం ధర్మశాలను రాష్ట్రానికి రెండో రాజధానిగా ప్రకటించడంతో రాజధాని అన్న మాట కూడా ఇక్కడ రెండు రకాలుగా వినబడుతుంది.

వీధుల్లో ‘ఫ్రీ టిబెట్’ అని రాసిన చొక్కాలు అమ్ముతారు గానీ, దలైలామా, సిక్యోంగ్ కోరుతున్నది స్వాతంత్ర్యం కాదు. చైనాలోనే ఉంటూ అర్థవంతమైన స్వయంప్రతిపత్తి కావాలన్న ‘మధ్యేమార్గం’ వారిది. పూర్తి స్వాతంత్ర్యం, టిబెటన్‌లో రంగ్‌జెన్, తప్ప మరొకటి వద్దనేవారూ ఈ వీధుల్లోనే ఉన్నారు. బీజింగ్ మాత్రం రెంటికీ వేర్పాటువాదమనే పేరు పెట్టింది.

ఒకే ఇంట్లో పౌరులు, విదేశీయులు

టిబెటన్లు భారత పౌరులా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. శరణార్థుల గురించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు, అందువల్ల మన చట్టంలో ‘శరణార్థి’ అనే వర్గమే లేదు. టిబెటన్ల చేతిలో ఉండేది విదేశీయులకు ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అందరూ దాన్ని ఆర్‌సీ అంటారు. దానికి గడువు ఉంటుంది, పునరుద్ధరించుకుంటూ ఉండాలి. విదేశాలకు వెళ్లడానికి పాస్‌పోర్టు బదులు పసుపు రంగు గుర్తింపు పత్రం ఇస్తారు.

ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకుని చూద్దాం. తాత 1962లో టిబెట్ నుంచి వచ్చి, ఇక్కడే మరో శరణార్థిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ విదేశీయులే. వారి పెద్దకూతురు 1974లో మెక్లియోడ్‌గంజ్‌లో పుట్టింది. పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు వరకు భారత గడ్డ మీద పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతో పౌరులు. కనుక ఆమె భారతీయురాలు. చిన్నకొడుకు 1990లో అదే ఊళ్లో పుట్టాడు. అప్పటికి నిబంధన మారింది, తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. కనుక అతడు విదేశీయుడు. పెద్దకూతురికి 1998లో పుట్టిన బిడ్డ, తల్లి పౌరురాలు కనుక, పౌరుడే. చిన్నకొడుకు 1985లో బైలకుప్పెలో పుట్టిన అమ్మాయిని పెళ్లాడి, 2015లో బిడ్డను కన్నాడనుకుందాం. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. తండ్రి ఆర్‌సీ సక్రమంగా ఉంటే బిడ్డ పౌరసత్వానికి దారి ఉంది. ఒకే పళ్లెంలో తుక్పా (నూడుల్స్ పులుసు) తినే కుటుంబంలో కాగితాల మీద కొందరు పౌరులు, కొందరు విదేశీయులు.

చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా, పాస్‌పోర్టు కార్యాలయాలు చాలాకాలం దరఖాస్తులను తిప్పికొట్టాయి. ఢిల్లీ హైకోర్టు 2010లోనూ, మళ్లీ 2016లోనూ దరఖాస్తుదారుల పక్షాన తీర్పులిచ్చాక, 2017లో దారి తెరుచుకుంది. అయితే ఆర్‌సీని వదులుకోవాలి, టిబెటన్ స్థావరాల్లో నివాసం, ప్రవాస పరిపాలన ఇచ్చే సౌకర్యాలు ఉండవన్న షరతులు వచ్చాయి. టిబెటన్ల మధ్య ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. పౌరసత్వం తీసుకుంటే తిరిగి వెళ్లే హక్కును మనమే పలచన చేసుకున్నట్టవుతుందని పెద్దతరంలో కొందరి బాధ. ఉద్యోగానికి, బ్యాంకు రుణానికి, ప్రయాణానికి ఆర్‌సీతో పడే అగచాట్లు పడేవారికే తెలుస్తాయన్నది చిన్నతరం మాట. ప్రవాస నాయకత్వం దీన్ని ఎవరి ఇష్టానికి వారికి వదిలేసింది.

‘చిన్న లాసా’లో స్థానికులు ఎక్కడ?

పర్యాటక ప్రకటనల్లో తరచూ మాయమయ్యేది మరో జనం. ఊరి వెనకనున్న ధౌలాధార్ పర్వతశ్రేణి వాలుల్లో గొర్రెల మందలను మేపుకుంటూ వేసవిలో పైకి, చలికాలంలో కిందికి దిగే గద్దీలు ఈ నేలకు పాతకాపులు. భాగ్సునాగ్ గుడి, మెక్లియోడ్‌గంజ్ కంటే ఎంతో పాతది, వారి ఆరాధనలో భాగం. సైన్యంతో పాటు వచ్చి స్థిరపడిన గూర్ఖా కుటుంబాలూ ఇక్కడ తరాలుగా ఉన్నాయి.

టిబెటన్ల రాకతోనే ఈ కొండకు ప్రపంచంలో పేరొచ్చిందని, హోటళ్లు, టాక్సీలు, కూలి పనులు వారి వల్లే పెరిగాయని స్థానికులు ఒప్పుకుంటారు. విదేశీ విరాళాలు, మంచి బడులు వారికి అందుతుంటే పక్క ఊరి గద్దీ పిల్లవాడికి అవి అందడం లేదన్న గుర్రు కూడా ఉంది. 1994లో ఒక స్థానిక యువకుడి హత్య తర్వాత ఇక్కడ అల్లర్లు చెలరేగాయి. అప్పుడు దలైలామా ఊరు విడిచి వెళ్లడానికైనా సిద్ధమన్నారు, స్థానిక పెద్దలే ఉండమని కోరారు. భూమి గొడవ వేరే. హిమాచల్ భూసంస్కరణల చట్టం 118వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్రపు వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనకూడదు. ఇది టిబెటన్లకే కాదు, అక్కడొక కాటేజీ కొనుక్కుందామనుకునే హైదరాబాదీకీ వర్తిస్తుంది. స్థానికుల పేర బినామీగా కొంటున్నారన్న ఆరోపణలు అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటాయి.

ఈ వాదులాటలో ఎవరికీ పట్టని మూడో పక్షం కొండే. దేశంలో వాన ఎక్కువ కురిసే చోట్లలో ఇదొకటి, భూకంపాల ముప్పు ఎక్కువున్న మండలంలో ఉంది, అయినా వాలు మీద అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. 2021 జులై 12న భాగ్సునాగ్‌లో వాగు దారి మళ్లి, రోడ్డు పక్కన నిలిపిన కార్లను అగ్గిపెట్టెల్లా తోసుకుపోయింది. 1905 గురించి చర్చి గంట చెబుతూనే ఉంది, వినేవారు తక్కువ.

గోడ మీది ఆరేళ్ల పిల్లవాడు

2025 జులై 2న దలైలామా తన తర్వాత కూడా ఆ పీఠం కొనసాగుతుందని, తదుపరి అవతారాన్ని, అంటే తన మరణం తర్వాత తానే మళ్లీ పుట్టానని నమ్మే పిల్లవాణ్ణి, గుర్తించే అధికారం తాను నెలకొల్పిన గాదెన్ ఫోద్రాంగ్ ట్రస్టుకే ఉంటుందని ప్రకటించారు. చైనా దీన్ని తోసిపుచ్చింది. 1793లో ఛింగ్ వంశపు చైనా చక్రవర్తి పెట్టిన బంగారు కలశంలో చీటీ తీసే పద్ధతిని, 2007లో తాను జారీచేసిన నిబంధనలను చూపి, ప్రభుత్వ ఆమోదం లేని అవతారం చెల్లదంటోంది. కలశం పద్ధతి తొమ్మిదో దలైలామా వంటి వారి విషయంలో పాటించనేలేదని టిబెటన్లు గుర్తుచేస్తారు. భారత విదేశాంగ శాఖ మతవిశ్వాసాల విషయంలో తాము ఏ వైఖరీ తీసుకోబోమని చెప్పింది.

ఈ తగాదా రేపు ఎలా ఉండబోతుందో తెలుసుకోవడానికి ఆలయం దారిలో ఒక గోడ చాలు. అక్కడ ఒక పిల్లవాడి ఫొటో అతికించి ఉంటుంది, గుండ్రటి ముఖం, ఎర్రబారిన బుగ్గలు. 1995 మే 14న దలైలామా, టిబెటన్ బౌద్ధంలో తన తర్వాతి స్థానంలో ఉండే గురువైన పంచెన్ లామాగా, ఆ వరుసలో పదకొండోవాడిగా, గుర్తించిన గెధున్ చోక్యి నీమా అతడు. మూడు రోజులకే చైనా అధికారులు అతణ్ణి, తల్లిదండ్రులతో సహా తీసుకుపోయారు. ఆ ఏడాది చివర బీజింగ్ బంగారు కలశంలో చీటీ తీసి మరో పిల్లవాణ్ణి ఆ స్థానంలో కూర్చోబెట్టింది. మొదటివాడు మామూలు జీవితం గడుపుతున్నాడని, ఎవరూ కదిలించడం అతడికి ఇష్టం లేదని చైనా అంటుంది. బయటివారు అతణ్ణి చూసింది లేదు. 1989 ఏప్రిల్ 25న పుట్టినవాడికి ఇప్పుడు ముప్పై అయిదు దాటాయి. మెక్లియోడ్‌గంజ్ గోడల మీది కాగితం వానకు తడిసి ఊడిపోతే మళ్లీ అదే ఫొటో అతికిస్తారు. వేరేది వాళ్ల దగ్గర లేదు.